ఆపిల్ క్రంబుల్ – పండా? మిఠాయా?

సెప్టెంబరు నెల సగం గడిచేసరికి ఇంగ్లండులో చలిగాలి మొదలవుతుంది. చెట్ల ఆకులు పసుపుకు, ఎరుపుకు తిరిగి రాలిపోతూ వుంటాయి. పెరళ్ళలో ఆపిల్ చెట్లు విరగకాస్తాయి. దారి పక్కన ముళ్ళపొదల్లో బ్లాక్‌బెర్రీలనే చిన్న నల్లటి పళ్ళు పండుతాయి. ఆ రోజుల్లో అక్కడి ఇళ్ళలో ఆదివారం భోజనం చివర వేడివేడిగా వడ్డించే తీపి వంటకం పేరు క్రంబుల్. అడుగున పండ్ల ముక్కలు, పైన వెన్నతో కలిపిన పిండి, మధ్యలో దాల్చినచెక్క, లవంగాల వాసన. చలికి వణుకుతున్న మనిషికి అది ప్రాణం లేచివచ్చినట్లుంటుంది.

ఇంగ్లీషువాళ్ళ వంటకం గురించి మనకెందుకు అని మీరు అడగవచ్చు. కారణం వుంది. మన తెలుగు కుటుంబాల్లో పిల్లలు బ్రిటన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు ఎందరో వున్నారు. వాళ్ళను చూడడానికి తల్లిదండ్రులు వెళ్ళి నాలుగైదు నెలలు వుండివస్తున్నారు. అలా వెళ్ళేవాళ్ళు ఎక్కువమంది యాభై అయిదు, అరవై దాటినవాళ్ళు. వాళ్ళలో చాలామందికి మధుమేహమో, రక్తపుపోటో, రెండూనో వుంటాయి. లడ్డు పెడితే “వద్దమ్మా, షుగరు” అని చెయ్యి అడ్డం పెట్టే పెద్దాయన, “కొంచెం వేసుకోండి మామయ్యగారూ, ఇది పండేగా!” అని కోడలు అనగానే గిన్నె ముందుకు జరుపుతాడు. ఆ ఒక్క మాట దగ్గరే చిక్కంతా వుంది. క్రంబుల్‌లో పండు వున్నది నిజమే. కాని క్రంబుల్ పండు కాదు, మిఠాయి.

అయితే దానికి భయపడి పారిపోనక్కరలేదు. కొంచెం తెలివిగా చేసుకుంటే మిఠాయిలన్నిటిలోకి తక్కువ హాని చేసే మిఠాయి ఇదే కావచ్చు. ఎలాగో చూద్దాం.

కొరత కాలపు వంట

ఇంగ్లీషులో క్రంబుల్ అంటే పొడిపొడిగా రాలడం. మైదాలో వెన్న వేసి మునివేళ్ళతో నలిపితే పిండి రవ్వరవ్వగా విడిపోతుంది. అందులో పంచదార కలిపి పండ్ల ముక్కల మీద చల్లి ఓవెన్‌లో కాలుస్తారు. అంతకు ముందునుంచీ వున్న “పై” అనే వంటకంలో పండ్లకు కిందా పైనా పిండి కప్పు వుంటుంది. దానికి పిండి, వెన్న చాలా పడతాయి. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటన్‌లో ఆహార పదార్థాలకు కొరత వచ్చినప్పుడు, తక్కువ పిండి, తక్కువ వెన్నతో అయిపోయే క్రంబుల్ ఇంటింటి వంట అయిందని చెబుతారు.

ఆ రోజుల్లో రేషన్ ఎంత కఠినంగా వుండేదో వింటే ఆశ్చర్యం వేస్తుంది. 1940 జనవరి 8న మొదలైంది. ఒక మనిషికి వారానికి సాధారణంగా ఇచ్చే వెన్న సుమారు 55 గ్రాములు, పంచదార సుమారు 225 గ్రాములు. పంచదార మీద రేషన్ 1953లో పోయింది. మొత్తం రేషన్ విధానం 1954 జులై 4న ముగిసింది. ఈనాడు మామూలుగా చేసే ఒక గిన్నెడు క్రంబుల్‌లో పడే వెన్న, ఆనాడు ఒక మనిషికి పదిరోజులపైన రావలసిన వెన్న!

ఇంకో విశేషం. పంచదార రేషన్ ఎత్తివేసిన తర్వాత బ్రిటన్‌లో మనిషి సగటున రోజుకు తినే పంచదార 40 గ్రాముల నుంచి 80 గ్రాములకు, అంటే దాదాపు రెట్టింపుకు పెరిగింది. ఈ మార్పును ఆధారం చేసుకుని పరిశోధకులు లెక్కలు కట్టి 2024లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. తల్లి కడుపులో పడినప్పటినుంచి రెండేళ్ళు వచ్చేవరకు రేషన్ కాలంలో గడిపినవాళ్ళకు, రేషన్ పోయాక పుట్టినవాళ్ళకంటె, పెద్దయిన తర్వాత మధుమేహం వచ్చే అవకాశం సుమారు 35 శాతం, రక్తపుపోటు వచ్చే అవకాశం సుమారు 20 శాతం తక్కువగా వున్నట్లు తేలింది. గర్భిణి తినే తీపి, పసిపిల్లకు తొలి రెండేళ్ళలో అలవాటు చేసే తీపి యాభై ఏళ్ళ తర్వాత కూడా లెక్కకు వస్తుందన్నమాట. మనవడి నోట్లో క్రంబుల్ చెంచా పెట్టబోయే అమ్మమ్మలు, నాయనమ్మలు ఈ సంగతి ఒక్క క్షణం ఆలోచించాలి.

గిన్నెలో ఎంత వుంది?

ఇప్పుడు లెక్క చూద్దాం. ఆరుగురికి సరిపడే మామూలు క్రంబుల్‌కు తొక్క, గింజలు తీసిన ఆపిల్ ముక్కలు 900 గ్రాములు, మైదా 180 గ్రాములు, వెన్న 90 గ్రాములు, పై పిండిలో పంచదార 90 గ్రాములు, పండ్లలో మరో 90 గ్రాములు వేస్తారనుకోండి. ఒక మనిషి వంతుకు 150 గ్రాముల ఆపిల్, 30 గ్రాముల మైదా, 15 గ్రాముల వెన్న, 30 గ్రాముల పంచదార వస్తాయి. మొత్తం సుమారు 410 కేలరీలు. అందులో ఆపిల్ ఇచ్చేవి 80 కేలరీల లోపే. మిగిలినదంతా పై పిండిది, పంచదారది. దానిమీద కస్టర్డ్ పోసినా, ఐస్‌క్రీమ్ వేసినా మరో వంద కేలరీలు కలుస్తాయి. భోజనం అయిన తర్వాత ఇంకో చిన్న భోజనం చేసినట్లే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక సలహా ఇచ్చింది. మనం విడిగా కలుపుకునే చక్కెరలు మొత్తం ఆహారశక్తిలో 10 శాతానికి మించకూడదనీ, 5 శాతం లోపు వుంటే ఇంకా మంచిదనీ దాని సారాంశం. ఆ 5 శాతం అంటే పెద్దవాళ్ళకు రోజుకు దాదాపు 25 గ్రాములు. పైన చెప్పిన ఒక్క గిన్నెలోనే 30 గ్రాములు వుంది. అంటే రోజంతటి పరిమితి ఒక్క గిన్నెతో దాటిపోయింది. ఉదయం కాఫీలో, సాయంత్రం టీలో వేసుకున్న పంచదార దీనికి అదనం.

“పంచదార బదులు బెల్లం వేస్తే?” అని చాలామంది అడుగుతారు. “తేనె?” అని ఇంకొందరు. “ఖర్జూరం ముద్ద?” అని మరికొందరు. బెల్లంలో ఇనుము వంటి ఖనిజాలు కాసిని వుండవచ్చు. కాని రక్తంలో చక్కెరను పెంచే విషయంలో దానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తేనె కూడా అంతే. ఖర్జూరం, ఎండుద్రాక్షల్లో పీచు వున్నా బరువులో సగానికి పైగా చక్కెరే. వేషం మారినంత మాత్రాన మనిషి మారడు కదా! ఏది వేసినా కొలత తగ్గించడమే మార్గం.

తగ్గించినా చెడని మిఠాయి

క్రంబుల్‌లో నాకు నచ్చిన గుణం ఇక్కడే వుంది. జిలేబీలో పాకం తగ్గిస్తే అది జిలేబీ కాదు. బొబ్బట్టులో పూర్ణం తగ్గిస్తే పిండి రొట్టె మిగులుతుంది. కాని క్రంబుల్‌లో పంచదార సగానికి పైగా తగ్గించినా, మైదా మానేసినా, అది క్రంబులే. ఎందుకంటే అసలు రుచి పండుది, వాసన మసాలాది.

ఇంగ్లండులో వంటకు వాడే ఆపిల్‌ను బ్రామ్లీ అంటారు. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్ అనే వూళ్ళో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి నాటిన గింజనుంచి ఈ రకం పుట్టింది. ఇది పెద్దగా, పచ్చగా, బాగా పుల్లగా వుంటుంది. ఉడికితే మెత్తగా విడిపోతుంది. ఆ పులుపుకే ఇళ్ళల్లో అంత పంచదార పోస్తారు. కాబట్టి మొదటి కిటుకు ఏమిటంటే, బ్రామ్లీ ఒక్కటే వాడకుండా, మూడువంతులు తియ్యటి తినే ఆపిల్, ఒక వంతు బ్రామ్లీ కలపండి. పండ్లలో పంచదార అసలు వెయ్యనక్కరలేదు.

రెండవది, తొక్క తియ్యకండి. ఆపిల్‌లోని పీచు చాలాభాగం తొక్కలోను, దాని కిందను వుంటుంది. వేడికి ఆపిల్‌లోని కొద్దిపాటి ‘సి’ విటమిన్ కొంత పోతుంది గాని పీచు ఎక్కడికీ పోదు. మలబద్ధకంతో బాధపడే పెద్దవాళ్ళకు ఆ పీచు మేలు చేస్తుంది. గింజలు మాత్రం తీసెయ్యండి. ఒకటి రెండు పొరపాటున మింగితే కంగారు పడనక్కరలేదు.

ఇక కొలతలు. ఆరుగురికి, గింజలు తీసిన ఆపిల్ ముక్కలు 900 గ్రాములు. బ్లాక్‌బెర్రీలు దొరికితే ఒక గుప్పెడు. గోధుమపిండి 60 గ్రాములు, ఓట్స్ 80 గ్రాములు, వెన్న 60 గ్రాములు, పంచదార 40 గ్రాములు, చితక్కొట్టిన బాదం లేక అక్రోటు పప్పు 30 గ్రాములు. దాల్చినచెక్క పొడి ఒక చిన్న చెంచా, శొంఠి పొడి అర చెంచా, లవంగాలు రెండు మూడు పొడిచేసి, జాజికాయ రెండు గీకులు. చిటికెడు ఉప్పు.

ఆపిల్‌ను అంగుళం ముక్కలుగా కోసి, సగం నిమ్మకాయ పిండి, మసాలా పొడి కలిపి లోతు గిన్నెలో పరచండి. వెన్న చల్లగా, గట్టిగా వున్నప్పుడే చిన్న ముక్కలు చేసి గోధుమపిండిలో మునివేళ్ళతో నలపండి. అరచేతితో పిసికితే వెన్న కరిగి చపాతీ పిండిలా ముద్ద అవుతుంది. రవ్వలా వచ్చాక ఓట్స్, పంచదార, ఉప్పు, పప్పులు కలిపి పండ్లమీద వదులుగా చల్లండి. అదమకండి. ముందుగా వేడిచేసిన ఓవెన్‌లో 180 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర 40 నుంచి 45 నిమిషాలు వుంచండి. పైభాగం బంగారు రంగు తిరిగి, అంచుల్లో పండ్ల రసం బుడబుడమని ఉడుకుతుంటే అయినట్లే.

ఈ పద్ధతిలో ఒక మనిషి వంతుకు వచ్చేవి సుమారు 290 కేలరీలు. విడిగా వేసిన పంచదార 7 గ్రాముల లోపు. ముందు చెప్పిన దానితో పోలిస్తే ఇది నాలుగోవంతు కూడా కాదు. కస్టర్డ్ బదులు తియ్యని గట్టి పెరుగు రెండు చెంచాలు వేసుకోండి. వేడి పండుకు చల్లటి పెరుగు చక్కగా నప్పుతుంది.

పొదల్లో బ్లాక్‌బెర్రీలు కోసుకునేవాళ్ళకు ఒక మాట. సెప్టెంబరు 29న వచ్చే మైకెల్మస్ పండుగ దాటాక ఆ పళ్ళు కొయ్యకూడదని, సైతాను వాటిమీద ఉమ్మేస్తాడని అక్కడ పాత నమ్మకం. సైతాను సంగతి ఎలా వున్నా, ఆ తర్వాత తేమకు పళ్ళు బూజుపట్టి మెత్తబడతాయి. బూజు కనిపించిన పండును పారెయ్యండి. మిగిలినవి బాగా కడిగి వాడండి. ఏ పండో తెలియకపోతే కొయ్యనే వద్దు.

మసాలా – మందు కాదు

ఇప్పుడు అతిముఖ్యమైన సంగతి. దాల్చినచెక్క షుగరును తగ్గిస్తుందని ఫోన్లలో వచ్చే సందేశాలు మీరూ చూసే వుంటారు. “ఎలాగూ దాల్చినచెక్క వేశాం కదా, ఈ తీపి ఏమీ చెయ్యదు” అనుకునేవాళ్ళు కొందరు. ఇంకో అడుగు ముందుకు వేసి మాత్రలు మానేసేవాళ్ళు మరికొందరు. మా ఆసుపత్రికి వచ్చే రోగుల్లో ఇలాంటివాళ్ళను చూస్తూనే వున్నాను. కాలి పుండు మానడం లేదని వచ్చిన ఒక రిటైరైన పెద్దమనిషి, నాలుగు నెలలనుంచి మాత్రలు ఆపి రోజూ పరగడుపున దాల్చినచెక్క నీళ్ళు తాగుతున్నానని ధీమాగా చెప్పాడు. పరగడుపు రక్తంలో చక్కెర 280 వుంది! నీళ్ళు తాగినన్నాళ్ళూ ఒంట్లో బాగానే వున్నట్లనిపించిందట. మధుమేహంలోని మోసం అదే. పుండు పడేవరకు నొప్పి తెలియదు.

దాల్చినచెక్క మీద పరిశోధనలు చాలా జరిగాయి. కొన్నిటిలో పరగడుపు చక్కెర కొద్దిగా తగ్గింది, కొన్నిటిలో తగ్గలేదు. మాత్రకు గాని, ఇన్సులిన్‌కు గాని బదులుగా నిలబడగల బలం దానికి లేదు.

పైగా అతిగా వాడితే హాని కూడా వుంది. బజారులో దాల్చినచెక్క పేరుతో అమ్మేవి రెండు రకాలు. సిలోను చెక్క పలచగా, కాగితపు పొరలు చుట్టినట్లు, చేత్తో నలిపితే విరిగేట్లు వుంటుంది. రెండవది కాసియా. ఇది మందంగా, గట్టిగా, ఒకే పొరగా వుంటుంది. మన ఇళ్ళల్లోకి ఎక్కువగా వచ్చే చవక రకం ఇదే. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ పెద్ద మోతాదులో వెళితే కొందరికి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. యూరపు ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం, జీవితాంతం రోజూ తీసుకున్నా పరవాలేదనుకునే మోతాదు శరీరం బరువులో కిలోకు 0.1 మిల్లీగ్రాము. అరవై కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములు. కాసియా పొడి ఒక చెంచాలోనే ఈ హద్దు దాటిపోవచ్చు. ఆరుగురు తినే క్రంబుల్‌లో ఒక చిన్న చెంచా వేస్తే, అదీ ఎప్పుడో ఒకసారి, భయం లేదు. రోజూ చెంచాలకు చెంచాలు మింగడమే తప్పు. కాలేయవ్యాధి వున్నవాళ్ళు అసలే మింగకూడదు.

జాజికాయ సంగతీ ఇంతే. రెండు గీకులు సువాసన. కాని 5 గ్రాములు, అంటే దాదాపు ఒక కాయ పొడి కడుపులోకి వెళితే నోరు ఎండిపోవడం, గుండెదడ, వాంతులు, మతి తప్పినట్లు మాట్లాడడం, లేనివి కనబడడం వంటి లక్షణాలు వస్తాయి. పసిపిల్ల నిద్రపోవడంలేదని జాజికాయ అరగదీసి పట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా వుంది. దయచేసి మానండి. ఆ చిన్న ప్రాణానికి ఎంత మోతాదు ఎక్కువో అరగదీసే చేతికి తెలియదు.

మధుమేహం వున్నవాళ్ళు తినకూడదా?

తినవచ్చు. కాని నాలుగు నియమాలు పాటించాలి.

మొదటిది, సగం వంతే తినాలి. నేను చెప్పిన పద్ధతిలో చేసినా ఒక పూర్తి వంతులో పిండిపదార్థాలు సుమారు 44 గ్రాములు వుంటాయి. సగం తింటే 22 గ్రాములు. అంటే ఒక మామూలు చపాతీలో వుండేంత. కాబట్టి ఆ పూట ఒక చపాతీ గాని, ఒక గరిటెడు అన్నం గాని తగ్గించుకోండి. పంచదార పోసిన మామూలు క్రంబుల్ అయితే ఒక వంతులో 70 గ్రాములు దాటుతుంది. మొహమాటం లేకుండా రెండు చెంచాలతో ఆపెయ్యండి.

రెండవది, తిన్నాక కూర్చోవద్దు. శరత్కాలంలో అక్కడ పగలు కుంచించుకుపోతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కు తిప్పుతారు. నవంబరు మధ్యకు వచ్చేసరికి లండన్‌లో సాయంత్రం నాలుగున్నర లోపే పొద్దు గుంకుతుంది. మన పెద్దవాళ్ళు చలికీ, చీకటికీ జడిసి బయటకు కదలరు. నడక ఆగిపోతుంది. అదే సమయంలో దీపావళి మిఠాయిలు, ఆదివారం క్రంబుల్ మొదలవుతాయి. చక్కెర పెరగక ఏమవుతుంది? కోటు, చెవులకు టోపీ వేసుకుని మధ్యాహ్నం వెలుతురులోనే అరగంట నడవండి. వాన పడుతుంటే ఇంట్లోనే గదులు తిరగండి.

మూడవది, రెండు గంటల తర్వాత పరీక్ష చేసుకోండి. ఇక్కడొక చిక్కు వుంది. మన దేశంలో చక్కెరను మిల్లీగ్రాముల్లో చెబుతాం – 126, 180 అని. బ్రిటన్‌లోని మీటర్లు మిల్లీమోల్ అనే కొలతలో చూపుతాయి. 15 అని కనిపిస్తే “అమ్మయ్య, తక్కువే వుంది” అనుకునే ప్రమాదం వుంది. ఆ అంకెను 18తో హెచ్చించండి. అక్కడి 7 అంటే మన 126. 10 అంటే 180. 15 అంటే 270! భోజనం చేసిన రెండు గంటలకు 10 లోపు వుండడం చాలామందికి సరైన గురి. బాగా వృద్ధులకు, గుండె, మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళకు వారి డాక్టరు వేరే గురి చెప్పి వుండవచ్చు. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి మీటరు సంచిలో పెట్టుకోండి. వెళ్ళేటప్పుడు మందులు పూర్తి కాలానికి సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి.

నాలుగవది చాలామందికి తెలియని సంగతి. చక్కెర హఠాత్తుగా పడిపోయినప్పుడు క్రంబుల్ పెట్టకూడదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకూ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్ళకూ భోజనం ఆలస్యమైతే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. మీటరులో అక్కడి 4 కన్న, మన 72 కన్న తగ్గితే వెంటనే తీపి ఇవ్వాలి. ఎదురుగా వున్న క్రంబుల్ పెట్టేద్దామనిపిస్తుంది. కాని అందులోని వెన్న, పీచు చక్కెర రక్తంలోకి చేరడాన్ని ఆలస్యం చేస్తాయి. అప్పుడు కావలసింది మూడు నాలుగు చిన్న చెంచాల పంచదార గాని గ్లూకోజు గాని కలిపిన నీళ్ళు. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్ష చెయ్యండి. కోలుకున్నాక బిస్కెట్లో, చపాతీయో తినిపించండి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో ఏమీ పొయ్యవద్దు. బ్రిటన్‌లో అయితే 999కి, ఇక్కడైతే 108కి ఫోను చెయ్యండి.

వేడి, పిల్లలు, పెద్దలు

ఓవెన్‌లోనుంచి తీసిన క్రంబుల్ పైన ఆరినట్లు కనిపించినా లోపల పండ్ల రసం సలసల కాగుతూ వుంటుంది. ఆ రసం చిక్కగా వుండి నాలుకకు, అంగిలికి అంటుకుపోతుంది. కనీసం పది పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. పిల్లలకు పెట్టేముందు చెంచాతో లోపలినుంచి తీసి మీరు చూడండి. గాజుగిన్నె అయితే తడిగట్టు మీద పెట్టవద్దు. పగిలే ప్రమాదం వుంది.

చెయ్యి కాలితే చల్లటి కుళాయి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు వుంచండి. ఐసుముక్క రుద్దకండి. వెన్న, టూత్‌పేస్టు, ఇంకు, పసుపు – ఏవీ పుయ్యకండి. బొబ్బ చిదపకండి. కాలినచోటు మీ అరచేతికంటె పెద్దదయినా, ముఖం మీద కాలినా, పసిపిల్లకు కాలినా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఏడాది నిండని పిల్లలకు తేనె కలిపినది ఏదీ పెట్టకూడదు. అరుదుగానైనా దానివల్ల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. అయిదేళ్ళలోపు పిల్లలకు గింజపప్పులు మెత్తగా పొడిచేసి వెయ్యాలి. ముక్కలు గొంతులో అడ్డుపడతాయి. ఇంటికి అతిథులు వస్తే పప్పుల ఎలర్జీ వుందేమో ముందే అడగండి. కట్టుడుపళ్ళ పెద్దవాళ్ళకు ఓట్స్ కాస్త నానేట్లు పెరుగుతో కలిపి పెట్టండి.

చలిగా వుందని గ్యాస్ ఓవెన్ తలుపు తీసిపెట్టి, కిటికీలు మూసి గది వెచ్చబరచుకోవడం ప్రాణాంతకం. గది నిండేది కార్బన్ మోనాక్సైడ్. రంగు, వాసన లేని విషవాయువు అది. తలనొప్పి, మగత వస్తే వెంటనే బయటకు వచ్చి గాలి పీల్చుకోండి, గ్యాస్ ఆపించండి, డాక్టరుకు చూపించుకోండి.

మన వూళ్ళో చేసుకోవాలంటే

హిమాచల్, కాశ్మీరు ఆపిల్స్ ఆగస్టు తర్వాత మన బజార్లకు బాగా వస్తాయి. అవి తియ్యటివే కనుక నిమ్మరసం కొంచెం ఎక్కువ పిండితే చాలు. ఓవెన్ లేదని విచారించనక్కరలేదు. ఆపిల్ ముక్కలను మసాలాతో, రెండు చెంచాల నీళ్ళతో మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు మగ్గించండి. పై పిండిని అడుగు మందమున్న బాణలిలో సన్నసెగ మీద, ఉప్మారవ్వ వేయించినట్లు, కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. వడ్డించే ముందు ఒకదానిమీద ఒకటి వెయ్యండి. కరకరలాడుతుంది.

అయితే ఒక విన్నపం. రోజూ తినే పండును రోజూ క్రంబుల్ చెయ్యవద్దు. ఆ ఋతువులో మన దగ్గర జామకాయ వుంది. ‘సి’ విటమిన్ ఆపిల్‌కంటె దానిలో ఎన్నో రెట్లు ఎక్కువ. దానికి పొయ్యి అక్కరలేదు, పంచదార అక్కరలేదు, కడిగి కొరుక్కు తినడమే. క్రంబుల్ పదిహేను రోజులకొకసారి, నలుగురూ కూడిన రోజున చేసుకునేది.

పరాయిదేశంలో చలిసాయంత్రం పిల్లలు ప్రేమగా వడ్డించిన గిన్నెను తోసెయ్యమని ఏ డాక్టరూ చెప్పడు. అందులో పండు ఎంత, పంచదార ఎంత అని వండేవాళ్ళను ముందే అడగండి. వీలైతే మీరే వంటింట్లోకి వెళ్ళి కొలతలు తగ్గించండి. సగం గిన్నె తినండి, మిగతా సగం మనవడికి కాకుండా ఫ్రిజ్‌లోకి పంపండి. రాత్రి మాత్ర మాత్రం మరచిపోకండి. దాల్చినచెక్క వాసన ఎంత కమ్మగా వున్నా, ఆ మాత్ర చేసే పని అది చెయ్యలేదు.